రియల్‌టైమ్‌కి లినక్స్ పనికిరాదా? ఎవరన్నారండీ?

పోయిన నెల మా ఆఫీసులో ఓ పెద్ద పంచాయితీ అయింది. మేము ఒక లేబుల్ కటింగ్ మిషన్‌కి కంట్రోలర్ చేసిచ్చాం. ప్లాస్టిక్ ఫిల్మ్ సెకనుకి 500 మిల్లీమీటర్ల వేగంతో పరిగెడుతూ ఉంటుంది. దాని మీద అచ్చేసిన నల్లగుర్తుని సెన్సర్ చూస్తుంది, లెక్క ప్రకారం కత్తి పడాలి. మా ప్రోగ్రాము ప్రతి మిల్లీసెకనుకీ నిద్రలేచి, సెన్సర్ చూసి, మోటారుకి ఏం చెయ్యాలో చెప్పి, మళ్ళీ పడుకుంటుంది. అంతే దాని ఉద్యోగం. ఒక మిల్లీసెకను ఆలస్యమైతే కత్తి అర మిల్లీమీటరు పక్కన పడుతుంది, ఆ మాత్రం ఫరవాలేదు. కానీ రోజుకి మూడు నాలుగు సార్లు, అదీ మధ్యాహ్నం పూట, కత్తి సెంటీమీటరు పైన పక్కకి పడుతోంది. అంటే 20 మిల్లీసెకన్లకి పైగా ఆలస్యం! అవి మందుసీసాల మీద అతికించే లేబుల్స్. మందు పేరు సగంలో తెగిపోయిన లేబుల్స్‌ని ఫోటోలు తీసి కస్టమర్ మెయిల్ కొట్టాడు.

మీటింగు పెట్టారు. మా మేనేజరుగారు ఫోటోలు చూసీ చూడగానే అన్న మాట: "నేను మొదటిరోజే చెప్పాను కదయ్యా, లినక్స్ రియల్‌టైమ్‌కి పనికిరాదని! అది సర్వర్లకి చేసిన ఓఎస్."

పక్కన కూర్చున్న నలుగురూ తలలూపారు. డబ్బు పెట్టి ఒక కమర్షియల్ ఆర్‌టీఓఎస్ కొందాం, నాలుగు నెలల్లో మొత్తం దాని మీదకి మారుద్దాం, అమ్మిన ప్రతి మిషన్‌కీ ఇంత అని రాయల్టీ కడదాం అని అక్కడికక్కడే లెక్కలు మొదలయ్యాయి. అసలు ఆ 20 మిల్లీసెకన్లు ఎక్కడికి పోయాయో ఒక్కరూ అడగలేదండీ. నాకు ఒళ్ళు మండింది. అక్కడ అనలేనిది ఇక్కడ రాస్తున్నా.

ముందు అసలు రియల్‌టైమ్ అంటే ఏమిటో మాట్లాడుకుందాం, ఎందుకంటే సగం గొడవ అక్కడే ఉంది. ఇంజనీరింగులో మాకు ఆపరేటింగ్ సిస్టమ్స్ సబ్జెక్టులో రియల్‌టైమ్ చివరి యూనిట్. దాన్ని అందరం చాయిస్‌లో వదిలేశాం. అలా వదిలేసినవాళ్ళమే ఇవాళ మీటింగుల్లో కూర్చుని రియల్‌టైమ్ అంటే "బాగా ఫాస్టు" అనుకుంటున్నాం. కాదు మహాప్రభో! పెళ్ళిలో తాళి కట్టే ముహూర్తం ఉంది చూడండి, అదీ రియల్‌టైమ్. పది నిమిషాలు ముందు కట్టేస్తే మెచ్చుకునేవాడు లేడు, పది నిమిషాలు దాటాక కడితే ఊరుకునేవాడు లేడు. భోజనాలు కాస్త అటూ ఇటూ అయినా సర్దుకుంటారు. మేళం ఎంత స్పీడుగా వాయించాడన్నది లెక్కలోకే రాదు. అలాగే కంప్యూటర్లో కూడా సగటున ఎంత తొందరగా స్పందించింది అన్నది కాదు, చచ్చినా ఇంతకంటే ఆలస్యం కాదు అని చెప్పగలమా లేదా అన్నదే ప్రశ్న. సగటు 5 మైక్రోసెకన్లు ఉండి ఎప్పుడో ఒకసారి 20 మిల్లీసెకన్లు పట్టే సిస్టమ్ కంటే, ప్రతిసారీ 80 మైక్రోసెకన్లు పట్టే సిస్టమ్ మా కత్తికి వెయ్యి రెట్లు మేలు.

ఈ లెక్కన మామూలు లినక్స్ మీద వచ్చే ఫిర్యాదులో నిజం ఉంది, కాదనను. మామూలు కెర్నెల్ ఎక్కువ పని జరగడం కోసం రాసింది. అది ఒక స్పిన్‌లాక్ పట్టుకుని ఉన్నప్పుడు, ఒక ఇంటరప్ట్ పని చూస్తున్నప్పుడు, మీ ప్రోగ్రాము ఎంత ముఖ్యమైనదైనా సరే ఆ సీపీయూ మీద బయట నిలబడాల్సిందే. ఎంతసేపు? దానికి హామీ లేదు.

సరిగ్గా ఈ జబ్బుకే ప్రీఎంప్ట్ ఆర్‌టీ అనే ప్యాచ్ పుట్టింది. 2004 ప్రాంతంలో ఇంగో మోల్నార్, థామస్ గ్లైక్స్‌నర్ లాంటివాళ్ళు మొదలుపెట్టారు. ఆలోచన సింపులే: కెర్నెల్లోని స్పిన్‌లాకుల్లో చాలా భాగాన్ని నిద్రపోగలిగే లాకులుగా మార్చెయ్యి, ఇంటరప్ట్ పనుల్ని కూడా మామూలు థ్రెడ్లుగా చేసి వాటికీ ఒక ప్రయారిటీ ఇవ్వు. అప్పుడు మీ ప్రోగ్రాము ప్రయారిటీ ఎక్కువైతే, కెర్నెల్ సొంత పనిని కూడా మధ్యలో ఆపి మీకు సీపీయూ ఇస్తుంది. ఆలోచన సింపులైనా లక్షల లైన్ల కోడ్‌లో దాన్ని చేయడం సింపుల్ కాదు కాబట్టి ఇరవయ్యేళ్ళు పట్టింది. ముక్కలు ముక్కలుగా అసలు కెర్నెల్లోకి వచ్చింది. 2006లో హై రిజల్యూషన్ టైమర్లు, అదే ఏడు ప్రయారిటీ వారసత్వం ఉన్న లాకులు, 2009లో థ్రెడ్లలో నడిచే ఇంటరప్టులు. లైనస్ టోర్వాల్డ్స్ 2006లోనే, లినక్స్‌తో లేజర్ నడపాలనుకోవడం పిచ్చే కానీ ఇక్కడ అందరికీ ఎవరి పిచ్చి వాళ్ళకుంది, చేసుకోండి అన్న ధోరణిలో సరదాగా ఒప్పుకున్నాడు. చివరి ముక్క 2024 సెప్టెంబరులో వెళ్ళింది. ఆ ఏడాది నవంబరులో విడుదలైన 6.12 కెర్నెల్ నుంచి ఎక్స్86, ఆర్మ్64, రిస్క్‌వీ చిప్పుల మీద విడిగా ప్యాచ్ వెయ్యక్కర్లేదు, కాన్ఫిగరేషన్‌లో ఆన్ చేసుకోవడమే. గ్లైక్స్‌నర్ ఆ ఆఖరి అభ్యర్థనని కాగితం మీద అచ్చేసి, బంగారు రంగు కాగితంలో చుట్టి, రిబ్బను కట్టి లైనస్ చేతికిచ్చాడు. అంతమంది ఇరవయ్యేళ్ళ కష్టాన్ని మా మీటింగులో ఒక్క వాక్యంతో కొట్టిపారేశారు.

ఇక మా కత్తి సంగతి. మా మిషన్‌లో ఉన్నది 6.12 కెర్నెలే, ఆర్‌టీ ఆన్ చేసే ఉంది. మరి 20 మిల్లీసెకన్లు ఎవడు తిన్నాడు? మీటింగు అయ్యాక నేనూ మా టీములో ఒక జూనియర్ కుర్రాడూ కూర్చుని ఎఫ్‌ట్రేస్ ఆన్ చేశాం. ఇది కెర్నెల్లోనే ఉండే సదుపాయం, పైసా ఖర్చు లేదు. మా లూపు 2 మిల్లీసెకన్లు దాటి ఆలస్యమైతే వెంటనే ట్రేస్ ఆగిపోయేలా ఒక చిన్న ఏర్పాటు చేసి వదిలేశాం. మర్నాడు మధ్యాహ్నం రెండున్నరకి చేప పడింది.

చూస్తే ఏముంది! మా రియల్‌టైమ్ థ్రెడ్డే స్వయంగా వెళ్ళి నిద్రపోయింది. ఎక్కడ? ఫైల్ సిస్టమ్ గుమ్మం ముందు. ఎవరో మహానుభావుడు డీబగ్గింగ్ కోసం ఆ లూపు లోపల, ప్రతి వంద తిరుగుళ్ళకీ ఒకసారి లాగ్ ఫైల్లోకి ఒక లైను ఎఫ్‌ప్రింట్‌ఎఫ్ చేశాడు, తరవాత తీసెయ్యడం మర్చిపోయాడు. బఫర్ నిండినప్పుడల్లా అది ఫైల్లోకి వెళ్తుంది, మామూలుగా మైక్రోసెకన్లలో అయిపోతుంది. కానీ మధ్యాహ్నం రిపోర్టులు కాపీ అయ్యే టైములో ఫ్లాష్ మెమరీ తన పనిలో తాను మునిగి ఉంటుంది, అప్పుడు వెళ్తే కాసేపు లైన్లో నిలబడాలి. ముహూర్తం టైముకి పెళ్ళికొడుకు వెళ్ళి రేషన్ షాపు క్యూలో నిలబడ్డట్టు! ఆ మహానుభావుడెవరా అని వెర్షన్ హిస్టరీ చూస్తే... నేనే. ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు గానీ ఎఫ్‌ట్రేస్ పట్టేసింది.

ఆ లాగ్‌ని ముందే కేటాయించుకున్న మెమరీలో రాసి, దాన్ని ఫైల్లో పెట్టే పని వేరే తక్కువ ప్రయారిటీ థ్రెడ్‌కి ఇచ్చాం. ప్రోగ్రాము మెమరీని ఎమ్‌లాక్ఆల్‌తో ర్యామ్‌లో కట్టేశాం. డిస్కు మీదా నెట్‌వర్క్ మీదా కావాలని లోడ్ పెట్టి, 12 గంటలు రాత్రంతా నడిపిస్తే మా లూపు లేవడంలో వచ్చిన అతి పెద్ద ఆలస్యం 83 మైక్రోసెకన్లు. అంటే కత్తి దగ్గర 0.04 మిల్లీమీటరు. మొత్తం పని మూడు రోజులు. నాలుగు నెలలూ, రాయల్టీ మిగిలాయి. తమాషా ఏంటంటే, ప్రీఎంప్ట్ ఆర్‌టీని ఏళ్ళ తరబడి ఆపిన ఆఖరి ముడి కూడా ఇలాంటిదే. కెర్నెల్ తన మెసేజీలు తాను ప్రింట్ చేసుకునే ప్రింట్‌కే.

ఇప్పుడు చెప్పండి, ఆ రోజు మా మేనేజరుగారి మాట విని కమర్షియల్ ఆర్‌టీఓఎస్‌కి మారి ఉంటే ఏమయ్యేది? నా ఎఫ్‌ప్రింట్‌ఎఫ్ కూడా మాతో పాటే కొత్తింటికి వచ్చేది! ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, అప్పుడు ఇంకో ఓఎస్‌ని తిట్టేవాళ్ళం.

"డబ్బిచ్చి కొన్న ఓఎస్‌కి ఇలాంటి గోల ఉండదు" అనేవాళ్ళకి 1997 జూలైలో కుజుడి మీద దిగిన పాత్‌ఫైండర్ కథ గుర్తు చేస్తా. అందులో నడిచింది విఎక్స్‌వర్క్స్, రియల్‌టైమ్ ప్రపంచంలో అందరూ దండం పెట్టే ఓఎస్. దిగిన కొద్ది రోజులకే కంప్యూటర్ మాటిమాటికీ రీసెట్ అవడం మొదలైంది. కారణం ప్రయారిటీ ఇన్వర్షన్. దీన్నీ పెళ్ళింట్లోనే చెప్తా. మంగళసూత్రం ఉన్న బీరువా తాళం ఒక చిన్న కుర్రాడి జేబులో ఉంది. పెళ్ళికొడుకు పీటల మీద ఎదురు చూస్తున్నాడు. ఈలోగా బాబాయిగారు ఆ కుర్రాణ్ణి పిలిచి "ఒరే, పరిగెత్తుకెళ్ళి తమలపాకులు పట్రా" అన్నారు, పెద్దమ్మగారు మజ్జిగ తెమ్మన్నారు. కుర్రాడికి వాళ్ళ మాట కాదనే హోదా లేదు. అలా పెళ్ళికొడుకు కంటే తక్కువ హోదా ఉన్న బాబాయిగారి వల్ల పెళ్ళే ఆగిపోయింది! పాత్‌ఫైండర్లో వాతావరణ సమాచారం సేకరించే చిన్న టాస్కు లాక్ పట్టుకుని ఉంది, మధ్య ప్రయారిటీ టాస్కులు దాన్ని ముందుకి కదలనివ్వలేదు, ఆ లాక్ కోసం పెద్ద ప్రయారిటీ టాస్కు ఆగిపోయింది, కాపలా టైమర్ చూసి సిస్టమ్‌ని రీసెట్ చేసింది. మందు ఏమిటంటే ప్రయారిటీ వారసత్వం: తాళం ఇచ్చేదాకా ఆ కుర్రాడికి పెళ్ళికొడుకంత హోదా, ఎవరూ పని చెప్పకూడదు. ఆ సదుపాయం ఆ ఓఎస్‌లో ముందునుంచీ ఉంది, ఆ ఒక్క లాక్‌కి ఆన్ చెయ్యలేదంతే. నాసావాళ్ళు భూమి మీద అలాంటి కంప్యూటర్లోనే ట్రేస్ పెట్టి పట్టుకున్నారు, ఇక్కణ్ణించి మార్పు పంపి సరిచేశారు. విఎక్స్‌వర్క్స్ పనికిరాదని అనలేదు. ఎక్కడ ఆగిందో చూశారు. మేమూ చేసింది అదే, కాకపోతే జీతాల్లో తేడా.

చూడగలగడం, అసలు విషయం అదండీ. రెండేళ్ళ క్రితం వేరే ప్రాజెక్టులో ఒక క్లోజ్డ్ ఓఎస్ వాడాం, పేరొద్దు. నెట్‌వర్క్ డ్రైవర్ అప్పుడప్పుడు బిగుసుకుపోయేది. మా చేతిలో ఉన్నది కంపైల్ చేసిన లైబ్రరీ మాత్రమే, సోర్స్ కావాలంటే వేరే రేటు. టికెట్ పెట్టాం. 17 రోజుల తరవాత వచ్చిన సమాధానం: కొత్త వెర్షన్‌కి మారండి, దానికి విడిగా లైసెన్సు కొనాలి. ఆ 17 రోజులు మేమేం నేర్చుకున్నాం? ఏమీ లేదు. ఎఫ్‌ట్రేస్‌తో గడిపిన మూడు రోజుల్లో మా జూనియర్ కుర్రాడు ఫైల్ సిస్టమ్ కోడ్ తెరిచి చదివాడు. హైదరాబాదులో, బెంగళూరులో వేలమంది మనవాళ్ళు ఎంబెడెడ్ అని చెప్పుకుంటూ చేసేది ఏమిటో నిజాయితీగా అనుకుందాం. ఎవడో ఇచ్చిన మూతపెట్టిన డబ్బాకి సెట్టింగులు మార్చడం, అది ఆగిపోతే టికెట్ పెట్టడం. పదేళ్ళ అనుభవం అని రెజ్యూమెలో రాసుకుంటాం, డబ్బా మూత ఒక్కసారీ తియ్యం. నా కోపమంతా అదీ. లినక్స్ ఓడిపోతే లినక్స్‌కేం నష్టం లేదు, నష్టం మనకి.

అలాగని ఓపెన్‌సోర్స్ భక్తులకి వంత పాడను. "నేను పది నిమిషాలు సైక్లిక్‌టెస్ట్ నడిపా, 12 మైక్రోసెకన్లే వచ్చింది, లినక్స్‌కి తిరుగులేదు" అనేవాడు మా మేనేజరుకి కవల సోదరుడే. లోడ్ లేకుండా పది నిమిషాల్లో వచ్చిన నెంబరుకి విలువ లేదు. జర్మనీలోని ఓఎస్ఏడీఎల్ అనే సంస్థ రకరకాల బోర్డుల మీద ఒక్కో పరీక్షకి 10 కోట్ల సార్లు, అంటే ఐదున్నర గంటలపాటు కొలిచి గ్రాఫులు అందరికీ చూపిస్తుంది. కొలవడమంటే అలా. ఇంకోటి, మామూలు పీసీ బోర్డుల్లో బయాస్ తన సొంత పనికోసం ఓఎస్‌కి చెప్పకుండా సీపీయూని లాక్కునే సిస్టమ్ మేనేజ్‌మెంట్ ఇంటరప్టులు ఉంటాయి. అలాంటి బోర్డు మీద లినక్స్ పెట్టినా, లక్షలు పోసిన ఆర్‌టీఓఎస్ పెట్టినా ఆగేది ఆగుతుంది. బోర్డు కొనేముందే కొలుచుకోవాలి.

లినక్స్ పెట్టకూడని చోట్లు కూడా ఉన్నాయి. ఎయిర్‌బ్యాగ్, పేస్‌మేకర్ లాంటివాటిలో కోట్ల లైన్ల కెర్నెల్ పెట్టి ఇది ఎప్పుడూ తప్పదు అని రుజువు చెయ్యడం ఇవాళ నా వల్ల కాదు, మీ వల్లా కాదు. అక్కడ చిన్న కోడ్, చిన్న చిప్పు, సర్టిఫికేషన్ కాగితాలు కావాలి. కుజుడి మీద ఎగిరిన ఇంజెన్యుటీ హెలికాప్టరునే చూడండి. 2021 ఏప్రిల్ నుంచి 2024 జనవరి దాకా 72 సార్లు ఎగిరింది. కెమెరా బొమ్మలు చూసి దారి లెక్కకట్టింది లినక్స్ నడిచే ఫోన్ చిప్పు. సెకనుకి 500 సార్లు రెక్కల్ని సరిచేసే పని మాత్రం విడిగా చిన్న మైక్రోకంట్రోలర్లకి ఇచ్చారు. ఎవరి పని వాళ్ళకి. ఆ చిన్న చిప్పుల మీద వాడాలన్నా ఫ్రీఆర్‌టీఓఎస్, జెఫైర్ లాంటి ఓపెన్‌సోర్సువే బోలెడున్నాయి. ఒకప్పుడు డబ్బిచ్చి కొన్న థ్రెడ్ఎక్స్‌ని సైతం మైక్రోసాఫ్ట్ 2023లో ఎక్లిప్స్ ఫౌండేషన్‌కి ఇచ్చేస్తున్నట్టు ప్రకటించింది.

ఇక లీగల్ డిపార్ట్‌మెంట్ వాళ్ళ భయం ఒకటుంది: "లినక్స్ వాడితే మన కోడ్ అంతా ఊరికి పంచాలట కదా?" కాదండీ బాబూ. కెర్నెల్ లైసెన్సులోనే స్పష్టంగా రాసి ఉంది, సిస్టమ్ కాల్స్ ద్వారా కెర్నెల్‌ని వాడుకునే మామూలు ప్రోగ్రాములకి ఆ షరతు వర్తించదని. మా కత్తి లెక్కలు మావే. కెర్నెల్‌ని మిషన్లో పెట్టి అమ్మితే, మనం చేసిన మార్పులతో సహా ఆ కెర్నెల్ సోర్సు కొన్నవాళ్ళకి అందుబాటులో పెట్టాలి. తీసుకున్నది ఉచితంగా, అందులో మన సొంతంగా ఇచ్చేది మనం మార్చిన నాలుగు లైన్లు, దానిక్కూడా ఏడుపేనా?

ఆ మాటకొస్తే సిగ్గుపడాల్సిన సంగతి ఇంకోటుంది. ప్రపంచమంతా ఫ్యాక్టరీల్లో, స్టూడియోల్లో, టెలికాంలో ప్రీఎంప్ట్ ఆర్‌టీని వాడుకుంటున్న రోజుల్లోనే, 2014లో గ్లైక్స్‌నర్ డబ్బుల్లేక ఈ పనిని ఖాళీ టైములో చేసుకునే స్థాయికి దించాల్సి వస్తోందని చెప్పుకోవాల్సొచ్చింది. అందరూ విస్తళ్ళు వేసుకుని కూర్చున్నవాళ్ళే, పొయ్యి దగ్గరకెళ్ళినవాడు లేడు. 2015లో లినక్స్ ఫౌండేషన్ కొన్ని కంపెనీలని కూడగట్టి ప్రాజెక్టు పెట్టాకే మళ్ళీ ఊపిరొచ్చింది. మా ఆఫీసు ఇచ్చిందేమిటి అని అడగకండి. పోయిన ఏడాది నేను ఒక డ్రైవర్లో చిన్న లోపం సరిచేసి పైకి పంపిస్తానంటే, అనుమతి కోసం మెయిల్ పెట్టమన్నారు. పెట్టాను. ఇంకా "పరిశీలన"లోనే ఉంది.

ఈసారి మీ మీటింగులో ఎవరైనా లినక్స్ రియల్‌టైమ్‌కి పనికిరాదు అంటే, కోపం తెచ్చుకోకుండా రెండే రెండు ముక్కలు అడగండి. మన పనికి గడువు ఎన్ని మైక్రోసెకన్లు సార్? ఎంత లోడ్ మీద, ఎన్ని గంటలు కొలిస్తే అది దాటింది? మొదటి ప్రశ్నకే గది నిశ్శబ్దమైపోతుంది, నాది గ్యారంటీ. ఆ తరవాత మీ సొంత లూపులో ఎఫ్‌ప్రింట్‌ఎఫ్ ఉందేమో ఒకసారి వెతికి చూసుకోండి, నాలా పరువు పోకముందే.

అన్నట్టు, మా మేనేజరుగారికి 83 మైక్రోసెకన్ల గ్రాఫు చూపించాం. బాగా చూసి, "బాగుందయ్యా... ఇంకొంచెం ఫాస్టుగా చెయ్యలేమా?" అన్నారు. చాయిస్‌లో వదిలేసిన యూనిట్ ఫోటోకాపీ తీసి ఆయన టేబుల్ మీద పెడదామని ఉంది. అప్రైజల్స్ అయ్యాక చూద్దాం.